బొమ్మలు గీయడం రాకపోతే సర్వీస్ డిజైన్‌లో సీటు రాదా?

ప్రశ్న: అక్కా, నేను కామర్స్ డిగ్రీ చేశాను. అయిదేళ్ళుగా ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో హెల్త్ క్లెయిమ్‌ల విభాగంలో ఫోన్లు తీసే డెస్క్‌లో పనిచేస్తున్నాను. సర్వీస్ డిజైన్‌లో, అంటే ఒక సేవ మొదటి నుంచి చివరిదాకా ఎలా నడవాలో రూపొందించే చదువులో, మాస్టర్స్ చేయాలని ఏడాదిగా అనుకుంటున్నాను. నాకు బొమ్మలు గీయడం రాదు, డిజైన్ చదువు లేదు, పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల నమూనాలు) అంటేనే టెన్షన్. ఆన్‌లైన్‌లో యూఎక్స్ (యాప్‌లు వాడేవాళ్ళకి సులువుగా ఉండేలా తీర్చడం) కోర్సు ఒకటి చేసి మూడు యాప్‌ల రీడిజైన్లు చేశాను. అవీ, ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం) మొదటి పేరా కూడా పంపుతున్నాను, చూసి చెప్పండి. ఆఫీసులో రోజూ ఒకటే గొడవ. ఒక్కో క్లెయిమ్ ఫారం మూడేసిసార్లు వెనక్కి వస్తుంది, ఎందుకొచ్చిందో ఫోన్ చేసినవాళ్ళకీ తెలీదు, చెప్పాల్సిన నాకూ తెలీదు. ఇందులోంచి ఎలాగైనా బయటపడాలనిపిస్తోంది. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు పోర్ట్‌ఫోలియో, ఎస్‌ఓపీ రెండూ తామే చేసి పెడతామంటున్నారు. మా మేనేజర్ రెకమెండేషన్ ఇస్తే పనికొస్తుందా? గడువు ఇంకా పది వారాలుంది. ఏం చేయమంటారు?

సమాధానం: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, చెల్లీ.

నీ రీడిజైన్లు మూడూ రెండుసార్లు చూశాను. రంగులు కుదిరాయి, అక్షరాలు చదవడానికి హాయిగా ఉన్నాయి, కోర్సులో చెప్పింది శ్రద్ధగా నేర్చుకున్నావని తెలుస్తోంది. కానీ సర్వీస్ డిజైన్ అప్లికేషన్‌లో వాటిని ముందు పెట్టొద్దు. రెండిటినైతే అసలు పెట్టనే వద్దు. ఎందుకంటే ఆ మూడిట్లో ఎక్కడా మనిషి కనిపించడం లేదు. టికెట్ బుకింగ్ యాప్‌లో క్యాన్సిల్ బటన్ పైకి తెచ్చావు, బాగానే ఉంది, మరి టికెట్ క్యాన్సిల్ చేసుకున్నాయనకి డబ్బు తిరిగి రావాలంటే లోపల ఎవరు ఏ పని చేయాలి, అది ఎవరి దగ్గర ఆగిపోతోంది, ఆగిపోయిందన్న సంగతి ఆయనకి ఎవరు చెప్పాలి? నువ్వు చేరాలనుకుంటున్న కోర్సులో చదివినంతకాలం అడిగేవి ఇలాంటి ప్రశ్నలే. స్క్రీన్ ఇందులో ఒక చిన్న ముక్క. అప్లికేషన్లు చదివేవాళ్ళకి యాప్ స్క్రీన్లు ఎన్ని వస్తాయో నువ్వు ఊహించుకోవచ్చు.

ఇక ఆ ఫారం సంగతి. నువ్వు విసుగుతో రాశావు గానీ నాకు అక్కడే నీ మొదటి ప్రాజెక్టు కనిపించింది. ఒకే కాగితం మూడుసార్లు వెనక్కి వస్తోంది, కారణం అటువైపు మనిషికీ తెలీదు, ఇటువైపు మనిషికీ తెలీదు. అంటే తెలిసిన మనిషి ఇంకెక్కడో ఉన్నాడు, ఆ మనిషికీ మీ ఇద్దరికీ మధ్య ఏదో తెగిపోయింది. డిజైన్ కాలేజీలో నాలుగేళ్ళు చదివినవాళ్ళకి ఇలాంటి సమస్య దొరకాలంటే ఎవరో ఒకరి ఆఫీసు ముందు వారాల తరబడి పర్మిషన్ కోసం తిరగాలి, నువ్వు అయిదేళ్ళుగా దాని మధ్యలో కూర్చుని ఉన్నావు. బయటపడడానికి ముందు ఒక్కసారి దాన్ని పరీక్షగా చూడు.

ఎలా చూడాలో చెప్తాను. ముందుగా ఒక్క క్లెయిమ్ తీసుకో. వంద కాదు, ఒక్కటే. ఒక మనిషి హాస్పిటల్ నుంచి ఇంటికి వచ్చాడు, కట్టిన డబ్బు తిరిగి రావాలి. అక్కడినుంచి ఆయన వేసిన ప్రతి అడుగూ రాసుకో: ఫారం ఎక్కడ దొరికింది, ఏ గడి దగ్గర ఆగాడు, ఎవరిని అడిగాడు, ఎప్పుడు పంపాడు, ఎన్ని రోజులు ఏ కబురూ లేకుండా గడిచాయి, నీకు ఫోన్ చేసినప్పుడు మొదట ఏమన్నాడు. ఇది కస్టమర్ వైపు. దాని కింద ఒక గీత గీసి, ఆ గీత కింద అదే సమయంలో మీ ఆఫీసులో ఏం జరుగుతోందో రాయి. ఫారం ఎవరు స్కాన్ చేశారు, పరిశీలించే సెక్షన్‌లో ఎవరు తెరిచారు, ఏ కారణం కోడ్ కొట్టి వెనక్కి పంపారు, ఆ కోడ్ నీ స్క్రీన్ మీదికి వచ్చేసరికి ఏ మాటగా మారింది. నా అనుమానం ఏమిటంటే, పరిశీలన సెక్షన్‌లో ఫారం చూసినాయన స్పష్టంగానే కారణం రాసి ఉంటాడు, నీ దాకా వచ్చేసరికి అది పత్రాలు అసంపూర్ణం అనే ఒక్క మాటగా కుదించుకుపోయి ఉంటుంది. నేను చెప్పింది తప్పు కావచ్చు, వెళ్ళి ఆ సెక్షన్‌లో మనిషిని అడుగు. ఆయన పక్కన ఒక గంట కూర్చుని, ఆయన పని చేస్తుంటే చూడు. అడిగితే జనం నియమం ప్రకారం ఏం జరగాలో చెప్తారు, చూస్తే నిజంగా ఏం జరుగుతోందో తెలుస్తుంది. టేబుల్ అంచుకి అంటించుకున్న చిన్న చీటీలు, ఎవరికి వాళ్ళు రాసుకున్న సొంత ఎక్సెల్ షీట్లు కనిపిస్తాయి. వాటిని వదలకు, సిస్టమ్ ఎక్కడ సరిపోవడం లేదో అవే చూపిస్తాయి.

ఇలా గీతకి పైన కస్టమర్ వైపు, కింద ఆఫీసు వైపు చూపించే బొమ్మనే సర్వీస్ బ్లూప్రింట్ అంటారు. ఈ పద్ధతిని ప్రతిపాదించిన లిన్ షోస్టాక్ డిజైనర్ కాదు, బ్యాంకులో పెద్ద ఉద్యోగి. 1984లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో ఆవిడ తీసుకున్న ఉదాహరణ వీధి మూల కూర్చుని బూట్లు పాలిష్ చేసే పని. దుమ్ము దులపడం, పాలిష్ రాయడం, మెరిసేలా రుద్దడం, డబ్బు తీసుకోవడం, ఒక్కో అడుగుకీ ఎన్ని సెకన్లు పడుతుందో రాసి, మొత్తం 2 నిమిషాలు అని తేల్చింది. మహా అయితే 5 నిమిషాల దాకా కస్టమర్ ఊరుకుంటాడని రాసింది. పొరపాటున వేరే రంగు పాలిష్ రాస్తే దాన్ని సరిచేయడానికి ఎంతసేపు పడుతుందో కూడా గీసింది. పాలిష్ డబ్బా కొని తెచ్చుకోవడం లాంటి పనులన్నీ కస్టమర్ కంటికి ఆనని గీత కింద ఉంటాయి. ఆ బొమ్మలో ఉన్నవి డబ్బాలు, బాణాలు, గీతలు, అంతే. ఒక బ్యాంకు ఉద్యోగి మొదలుపెట్టిన ఆ పద్ధతే ఇవాళ సర్వీస్ డిజైన్ క్లాసుల్లో నేర్పిస్తున్నారు. కాబట్టి గీయడం రాదన్న భయం ఇక్కడితో వదిలెయ్. నలుగురు చూసి అర్థం చేసుకోగలిగేలా డబ్బాలు, బాణాలు పెట్టగలిగితే చాలు. అది కూడా మొదటిసారి కుదరదు, అయిదోసారికి కుదురుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నా. హెల్త్ క్లెయిమ్ అంటే మనుషుల జబ్బుల వివరాలు. ఒక్క అసలు ఫారం కూడా, పేరు కొట్టేసినా సరే, ఫోటో తీసి పోర్ట్‌ఫోలియోలో పెట్టొద్దు. కంపెనీ స్క్రీన్లు పెట్టొద్దు. ఈ పని చేస్తున్నానని మీ మేనేజర్‌కి చెప్పి, కుదిరితే ఒక మెయిల్‌లో అనుమతి తీసుకో. ఇవ్వకపోతే, క్లెయిమ్ పెట్టుకున్న అనుభవం నీకు తెలిసినవాళ్ళలో ఎవరికో ఒకరికి ఉంటుంది కదా, వాళ్ళు ఇష్టపడి చెబితే వాళ్ళ వైపు నుంచి చెయ్. లోపలి పని ఏ కంపెనీదో తెలియకుండా సాధారణంగా చూపించు. వివరాలు మార్చానని ఒక వాక్యం రాస్తే చదివేవాళ్ళు అర్థం చేసుకుంటారు, పైగా ఈ అమ్మాయికి బాధ్యత తెలుసు అనుకుంటారు.

చూడడం అయ్యాక ఏదైనా ఒకటి చేసి చూడాలి. ఇక్కడే చాలామంది, అన్నిటికీ జవాబు చెప్పే పెద్ద యాప్ ఒకటి ఊహించి గీసేస్తారు. నువ్వు చిన్నది చెయ్. ఫారం వెనక్కి పంపేటప్పుడు జతచేసే ఉత్తరాన్ని మామూలు మాటల్లో తిరగరాయి: ఏ కాగితం తక్కువైంది, అది ఎవరి దగ్గర దొరుకుతుంది, ఎప్పటిలోగా పంపాలి. కాగితం మీద రాసి ఆరుగురికి చదివించు, చదివాక ఇప్పుడు మీరేం చేస్తారు అని అడిగి నోరుమూసుకుని విను. ఇద్దరు తప్పుగా అర్థం చేసుకుంటారు. వాళ్ళేం అనుకున్నారో, దాన్నిబట్టి నువ్వేం మార్చావో పోర్ట్‌ఫోలియోలో పెట్టు. చివరికి తేలిన ఉత్తరం కంటే ఆ రెండు తప్పులకే నేనైతే ఎక్కువ విలువ ఇస్తాను.

ఇది నాకు ఊరికే తెలియలేదు. నేను మొదటిసారి అప్లై చేసినప్పుడు ఇంటర్వ్యూ దాకా వెళ్ళి ఆగిపోయాను. నా పోర్ట్‌ఫోలియోలో అన్నీ పూర్తయిన, నున్నటి ప్రాజెక్టులే. ప్యానెల్‌లో ఒకావిడ నెమ్మదిగా అడిగింది, ఈ ఆలోచన ఎవరికైనా చూపించావా, వాళ్ళేమన్నారు అని. నేను ఎవరికీ చూపించలేదు. ఆ గదిలో ఏం చెప్పానో గుర్తులేదు గానీ ఆ ప్రశ్న మాత్రం ఏడాదంతా నాతోనే ఉంది. మరుసటి ఏడాది ఒక లైబ్రరీ కౌంటర్ దగ్గర నాలుగు రోజులు నిలబడ్డాను. పుస్తకం తిరిగిచ్చే లైను ఎందుకంత నెమ్మదిగా కదులుతోందో మూడో రోజు గానీ తెలియలేదు, కంప్యూటర్‌లో తప్పు పడితే సరిదిద్దే అధికారం కౌంటర్‌లో ఉన్నాయనకి లేదు, అందుకని ఆయన భయంతో ప్రతి పుస్తకమూ ఒక నోటుబుక్కులో కూడా రాసుకుంటున్నాడు. నేను పెట్టించిన సూచనల బోర్డు ఎవరూ చదవలేదు. అది కూడా రాశాను. ఆ ఏడాది సీటు వచ్చింది.

రెండో ప్రాజెక్టు కూడా ఉంటే మంచిది, మూడోది తప్పనిసరి కాదు, కానీ స్కూలు ఎన్ని అడిగిందో, ఎన్ని పేజీలు, ఎంత సైజు ఫైల్ అందో చూసుకో. ఆ రెండోది ఆఫీసుకి సంబంధం లేనిదై, ఇంకొకరితో కలిసి చేసిందైతే ఇంకా మంచిది, ఎందుకంటే ఈ చదువులో దాదాపు అంతా గ్రూపు పనే. కలిసి చేసిన దాంట్లో నీ వంతు ఏమిటో విడిగా రాయి. మేము చేశాం, మేము చేశాం అని పేజీలు నింపితే నువ్వేం చేశావో ఎవరికీ తెలీదు. నీ మూడు రీడిజైన్లలో ఆ అపాయింట్‌మెంట్ యాప్‌ది ఉంచుకోవచ్చు, కాకపోతే స్క్రీన్లు తగ్గించి, అపాయింట్‌మెంట్ ఇచ్చే రిసెప్షనిస్టుతో ఒకసారి మాట్లాడి, ఆవిడ వైపు కథ చేర్చు.

స్కూళ్ళ గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు, అదొక్కటే నీ ఉత్తరంలో నాకు కంగారు పుట్టించిన విషయం. సర్వీస్ డిజైన్ అన్న పేరు ఒకటే అయినా లోపల చదువులు వేరు వేరు. లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఇది ఆర్ట్, డిజైన్ వాతావరణంలో జరుగుతుంది. మిలాన్‌లోని పొలిటెక్నికో దీన్నే ప్రాడక్ట్ సర్వీస్ సిస్టమ్ డిజైన్ అంటుంది, వస్తువునీ సేవనీ కలిపి చూస్తుంది, రెండేళ్ళ కోర్సు. డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ యూనివర్సిటీ కోపెన్‌హాగన్ క్యాంపస్‌లో సర్వీస్ సిస్టమ్స్ డిజైన్ అని నడుపుతుంది, అదీ రెండేళ్ళే. ఫిన్లాండ్‌లో లౌరియా లాంటి అప్లయిడ్ సైన్సెస్ యూనివర్సిటీల్లో మాస్టర్స్‌కి డిగ్రీ తర్వాత కనీసం రెండేళ్ళ ఉద్యోగ అనుభవం ఉండాలి. నువ్వు లోటు అనుకుంటున్న అయిదేళ్ళు అక్కడ అర్హత. అమెరికాలో సవానా కాలేజ్ ఆఫ్ ఆర్ట్ అండ్ డిజైన్‌లోనూ ఉంది. బ్రిటన్‌లో మాస్టర్స్ చాలావరకు ఒక ఏడాదే, అంటే వెళ్ళిన రోజు నుంచీ పరుగే. డిజైన్ పునాది లేని నీకు రెండేళ్ళ కోర్సు మేలని నా అభిప్రాయం, తప్పులు చేసి దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. కానీ ఖర్చు కూడా రెండేళ్ళదే, ఆ లెక్క నువ్వే వేసుకోవాలి.

కామర్స్ డిగ్రీ తీసుకుంటారా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కొన్నిచోట్ల డిగ్రీలో ఏ సబ్జెక్టులు ఎన్ని క్రెడిట్లు చదివావో చూసి, సంబంధం లేదనిపిస్తే పోర్ట్‌ఫోలియో తెరవకుండానే తిప్పి పంపుతారు, కొన్నిచోట్ల పని చూసి తీసుకుంటారు. అందుకని ఈ వారంలోనే నాలుగైదు స్కూళ్ళ అర్హత పేజీ చదివి, అనుమానం ఉంటే అడ్మిషన్స్ ఆఫీసుకి నాలుగు వాక్యాల మెయిల్ పెట్టు. మెయిల్ పెడితే ఏమనుకుంటారో అని ఆగకు, జవాబివ్వడం వాళ్ళ ఉద్యోగంలో భాగం. అలాగే గత విద్యార్థుల థీసిస్ ప్రాజెక్టులు ఒక్కో స్కూలువి కనీసం మూడు చూడు. ప్రభుత్వ సేవల మీద పనిచేస్తున్నారా, హాస్పిటళ్ళ మీదా, కంపెనీల కోసమా అన్నది బ్రోషర్ కంటే వాటిలో తెలుస్తుంది. నీకు క్లెయిమ్‌లు, హాస్పిటళ్ళు, జనం కాగితాలతో పడే ఇబ్బంది తెలుసు కాబట్టి, ప్రభుత్వం, ఆరోగ్య సేవల మీద పనిచేసే స్కూళ్ళు నీకు సరిపోతాయనిపిస్తోంది. ఆ వైపు ఉద్యోగాలూ ఉన్నాయి, బ్రిటన్ ప్రభుత్వం 2011లో గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ పెట్టాక అక్కడి ప్రభుత్వ శాఖల్లో సర్వీస్ డిజైనర్ అన్నది మామూలు హోదా అయిపోయింది.

ఇంకో మాట, ఈ చదువుకి వయసే తక్కువ. జర్మనీలో కొలోన్‌లోని డిజైన్ స్కూల్లో 1991లో మైఖేల్ ఎర్ల్‌హాఫ్ దీన్ని ఒక సబ్జెక్టుగా తీసుకొచ్చాడు, 1995లో బిర్గిట్ మాగర్ అక్కడ దీనికి ప్రొఫెసర్ అయింది. అంటే పాఠాలు చెప్పేవాళ్ళలో చాలామంది తాము విద్యార్థులుగా ఉన్నప్పుడు ఈ డిగ్రీ లేనివాళ్ళే, వేరే చదువుల నుంచి వచ్చినవాళ్ళే. నీ కామర్స్‌ని చూసి వాళ్ళు ఆశ్చర్యపోరు.

ఎస్‌ఓపీ మొదటి పేరా చదివాను. చిన్నతనం నుంచీ నాకు డిజైన్ అంటే ప్రాణం అని మొదలుపెట్టావు. అది నిజం కాదు కదా? ఏడాదిగా అనుకుంటున్నానని నాకు రాసింది నువ్వే. ఆ పేరా మొత్తం తీసెయ్. వెనక్కి వచ్చిన ఫారంతో మొదలుపెట్టు. ఒకరోజు ఒక ఫోన్ కాల్, ఆయన ఏమడిగాడు, నువ్వేం చెప్పలేకపోయావు, ఫోన్ పెట్టేశాక నీకేమనిపించింది. తర్వాత నువ్వు వెతికితే ఏం తెలిసింది, ఎక్కడ నీకు తెలివి చాలలేదు, ఆ చాలని దాన్ని నేర్చుకోవడానికి ఈ స్కూలే ఎందుకు. ఆ స్కూల్లో ఏ కోర్సు, ఏ తరహా ప్రాజెక్టు నీకు కావాలో పేరు పెట్టి రాయి. పది స్కూళ్ళకి ఒకే ఎస్‌ఓపీ పంపితే పది మందికీ తెలిసిపోతుంది. కొన్ని స్కూళ్ళు రెండు మూడు నిమిషాల వీడియో కూడా అడుగుతాయి, దానికి స్క్రిప్టు బట్టీ పట్టకు, ఇదే కథ ఒక స్నేహితురాలికి చెప్పినట్టు చెప్పు.

రెకమెండేషన్‌కి మీ మేనేజర్ పనికొస్తారు, చాలా బాగా పనికొస్తారు, నిన్ను రోజూ చూసిన మనిషి కాబట్టి. హోదా పెద్దదని నువ్వెవరో తెలియని డైరెక్టర్ దగ్గరికి వెళ్ళకు. ఫలానా సందర్భంలో నేను చేసింది రాయగలరా అని గుర్తుచేసి అడుగు, నెల ముందే అడుగు. ఒక లెటర్ కాలేజీ లెక్చరర్ నుంచే కావాలని కొన్నిచోట్ల ఉంటుంది, అదీ చూసుకో. ఇంగ్లిష్ పరీక్ష స్లాటు ఇవాళే బుక్ చేసుకో, దాని గురించి ఇంకేం చెప్పక్కర్లేదు.

కన్సల్టెన్సీ సంగతి. ఫారాలు నింపడానికో వీసా కాగితాలకో సాయం తీసుకుంటే నీ ఇష్టం. పోర్ట్‌ఫోలియో, ఎస్‌ఓపీ మాత్రం వాళ్ళ చేతికి ఇవ్వొద్దు. ఇంకొకరు చేసిన పనిని నీ పేరుతో పంపడం మోసం, బయటపడితే ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకుంటారు. బయటపడడం కష్టమేమీ కాదు, ఆ ఆరుగురిలో ఉత్తరాన్ని తప్పుగా అర్థం చేసుకున్న ఇద్దరూ ఏమన్నారని ఇంటర్వ్యూలో అడిగితే, నిజంగా వాళ్ళతో మాట్లాడినవాళ్ళు కళ్ళు మెరుస్తూ చెప్తారు, మాట్లాడనివాళ్ళు ఆ రోజు ఇంటర్వ్యూ గదిలో నాలాగే జవాబు లేక కూర్చుండిపోతారు. నువ్వు అక్కడ అలా కూర్చోవాలని నాకు లేదు.

పది వారాలు సరిపోతాయా అంటే, ఉద్యోగం చేస్తూ ఒక ప్రాజెక్టు నిజాయితీగా చేయడానికి సరిపోతాయి. మొదటి నాలుగు వారాలు చూడడానికీ మాట్లాడడానికే ఉంచు, అప్పటిదాకా ల్యాప్‌టాప్‌లో డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరవకు. ఆ తర్వాత రెండు మూడు వారాలు ఉత్తరం రాయడం, చదివించడం, మార్చడం. మిగిలింది పేజీలు పేర్చడానికీ రాతకీ. ఎనిమిదో వారానికి నీకే సరిగా రాలేదనిపిస్తే ఈసారి ఒక్క స్కూలుకే పంపి, మిగతావి వచ్చే ఏడాదికి ఉంచు. ఒక ఏడాది ఆలస్యం అయితే ఏమీ పోదు, నాకు పోలేదు.

ఈ ఆదివారం ఒక పెద్ద కాగితం తీసుకుని ఆ ఒక్క క్లెయిమ్ ప్రయాణం పెన్సిల్‌తో గీసి, ఫోటో తీసి నాకు పంపు. తెలియనిచోట ప్రశ్నార్థకం పెట్టి వదిలెయ్. ఎన్ని ప్రశ్నార్థకాలు పడ్డాయో చూశాక, సోమవారం ఆఫీసులో మొదట ఎవరి టేబుల్ దగ్గరికి వెళ్ళాలో ఇద్దరం కలిసి అనుకుందాం.